మొట్టమొదటి పండు

మధ్యాహ్నం. మొక్కలు పెంచే గాజుగదిలో తెల్లకోటు వేసుకున్న కూతురు, భోజనం క్యారేజీతో వచ్చిన అమ్మ.

“ఇవాళ వద్దే తల్లీ. నా మనసెందుకో కీడు శంకిస్తోంది. ఆ టమాటా ఏదో రేపు తిను.”

“మొన్న నేను బస్సెక్కినా నీ మనసు కీడే శంకించిందమ్మా.”

“దాని టైరు పంక్చరయిందా లేదా?”

“అది వెనకాల బస్సుది.”

“ఏ బస్సుదయితేనేం. తెగులునే చంపే మొక్క మనిషిని ఊరికే వదుల్తుందా?”

“ఎన్నిసార్లు చెప్పాలమ్మా. టమాటాకి మచ్చ తెగులొస్తుంది కదా. ఆ క్రిమి లోపలికి దూరగానే మిరపమొక్క పసిగట్టేస్తుంది. ఆ పసిగట్టే జన్యువొక్కటీ మిరపలోంచి తెచ్చి దీనికి పెట్టాం. అంతే.”

“మిరపది తెచ్చి టమాటాకా. రెండూ ఒప్పుకున్నాయా?”

“పెళ్లిచూపులు పెట్టలేదులే.”

“నవ్వు, నవ్వు. కన్నకడుపు బాధ నీకేం తెలుస్తుంది.”

“పరీక్షలన్నీ దాటిందమ్మా. మూడింటికి మా ఆఫీసు పెద్దాయన వస్తారు. మొట్టమొదటి పండు నన్నే తినమన్నారు. ఎంత గౌరవమో తెలుసా?”

“అంత గౌరవమైతే ఆయన్నే తినమను.”

“అమ్మా.”

“పోనీ జ్వరమని చెప్పు. చెప్పడం నేను చెప్తాలే, నువ్వు మూలిగితే చాలు.”

“పెంచిన నేనే భయపడితే దీన్ని ఏ రైతు నాటుతాడమ్మా? తోటకి తోట మాడిపోయి దిగాలుపడేవాళ్ల కోసమేగా ఇన్నేళ్లు తంటాలు పడింది.”

“తినొద్దన్నానా? రేపు తినమన్నాను.”

“రేపటికి ఏం మారుతుంది?”

“తెల్లారనీ. తెల్లారితే అన్నీ తేలతాయి.”

“అసలే అందరూ ఏడిపిస్తున్నారు, మిరప కలిసిందిగా, నోరు మండిపోతుందని.”

“మండదులే. కాస్త పులుపెక్కువ, అంతే.”

“ఏమన్నావు?”

“ఏమంటాను. టమాటా అన్నాక పులుపుండదా అన్నాను.”

“ఇటు చూడు. ఈ చివరి మొక్కకి ఇందాక ఎర్రటి పండుంది. ఏది?”

“ముందు అన్నం తిను, చల్లారిపోతుంది.”

“అమ్మా.”

“నీకిష్టమని పప్పుచారు పెట్టాను.”

“ఆ క్యారేజీ మూత ఎన్నిసార్లు పెడతావు? నిన్నే. పండేది?”

“ఈ మూత సరిగ్గా పడి చావదే.”

“సరే, నేనేం అననులే. చెప్పు. అమ్మా, నాకు భయమేస్తోంది.”

“నువ్వు కోటు వేసుకోడానికి వెళ్లావు చూడు, అప్పుడు తినేశానే. రేపు పొద్దున నేను మామూలుగా లేస్తే, నువ్వు తిను.”