ఎడమచేతి వాల్ట్జ్

డెన్మార్క్‌లోని ఓడెన్సేలో పాత వాయిద్యాలమ్మే దుకాణం. కౌంటర్ వెనక ఒక యువతి. ముందు, కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యని ఒక పెద్దాయన.

“చవకలో రికార్డర్ కావాలమ్మాయ్. ముందు వాయించింది వింటూ, దానిమీద ఇంకోటి కలపాలి.”

“బ్యాండులో ఎంతమంది?”

“నేనొక్కణ్ణే. పియానో.”

“అయితే నాలుగు ట్రాకులు చాలు. ఈ క్యాసెట్‌ది అన్నిటికన్నా చవక. ఆ చివర మీటా ఈ చివర మీటా ఒకేసారి నొక్కాలి, అంతే.”

“ఒక్క మీటతో నడిచేది లేదా?”

“ఏం బద్ధకం పెద్దాయనా! రెండు చేతులున్నాయిగా.”

“ఒకటే పనిచేస్తోంది. చలికాలంలో పక్షవాతం వచ్చింది.”

“అయ్యో, క్షమించండి. నా నోరు ఊరుకోదు.”

“పర్లేదు. శనివారం మా ఆస్ట్రిడ్ పెళ్ళి. ఈ ఊళ్ళో ప్రతి పెళ్ళికీ కొత్త జంట నాట్యమాడే వాల్ట్జ్ వాయించింది నేనే. నా కూతురికి ఇంకొకడు వాయిస్తాడా? ముందు ఎడమచేతి భాగం రికార్డు చేస్తా. తర్వాత కుడిచేతిదీ ఎడమచేత్తోనే.”

“అయితే ఈ డిజిటల్‌ది తీసుకోండి. పాతదే, ధరలో పెద్ద తేడా లేదు. ఈ పెడల్ తగిలిస్తే కాలితోనే మొదలుపెట్టొచ్చు. పెడల్ నా పెళ్ళికానుక.”

“చల్లగా ఉండు తల్లీ. నువ్వు చేసింది చిన్న సాయం కాదు.”

“మరి వాల్ట్జ్ స్పీకర్లోంచి వస్తుంటే మీరేం చేస్తారు?”

“ఇన్నేళ్ళూ ఏ జంట నాట్యమూ సరిగ్గా చూళ్ళేదు. అందరూ చప్పట్లు కొడుతూ వాళ్ళ చుట్టూ వలయం బిగిస్తుంటే, నేను పియానోకి అతుక్కుపోయేవాణ్ణి. ఈసారి నేనూ ఆ వలయంలో ఉంటా.”

“ఒక చేత్తో చప్పట్లెలాగండీ?”

“పక్కన వియ్యంకుడుంటాడుగా! ఆయన అరచేతిమీద కొడతా.”

ఆమె నవ్వి, కౌంటర్ మీదుగా తన అరచెయ్యి చాచింది.

“ఆయన చెయ్యి వాచిపోకుండా, ముందు ఇక్కడ సాధన చెయ్యండి.”