దుంపలు ఉడికిన నేల

వేడినీటి ఊట పక్కన కట్టిన స్నానాల గది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడు కాళ్లూ చేతులూ రాతితొట్టెలో ముంచి కూర్చున్నాడు. ఊట యజమాని అతని అన్న. వదిన బకెట్టుతో వచ్చింది.

“మీ ఆయనంత దగాకోరు ఈ భూమ్మీద లేడు వదినా!”

“తిట్టడానికి నోరు చాలుగా. చేతులు పైకెత్తకు, ముంచు.”

“అబ్బా, కాలింది! తమ్ముణ్ణి ఉడకేసి తినమన్నాడా అన్న?”

“కాలిందా? సంతోషం. మొన్న సూది గుచ్చినా తెలీలేదన్నావ్.”

“ఈ రెండు వేళ్లూ నావో, పరాయివాళ్లవో ఇప్పటికీ తెలీదు.”

“ఏదీ? అయ్యో, సున్నం కొట్టినట్టున్నాయే! డాక్టరేమన్నాడు?”

“నెత్తురు వేళ్లదాకా రావట్లేదంట. నా నెత్తురుకి కూడా నా మీద అలకే.”

“ఇంకా?”

“నీళ్లు చల్లారాయి, ఇంకో బకెట్టు పొయ్యి.”

“పొగలు కక్కుతున్నాయి. ఇంకా ఏమన్నాడు?”

“ఐసు పని మానకపోతే వేళ్లు తీసేయాలన్నాడు. చాలా?”

“మరి మానెయ్! ఇక్కడ తొట్టెలు చూసుకో. మీ అన్నయ్య నెల్లాళ్లుగా చెప్పమంటున్నారు.”

“ఆయన దగ్గర కూలికా? నాన్న పంచిన ఆస్తిలో బంగారంలాంటి ఊట నొక్కేసి...”

“ఆగాగు. పంపకాల్లో ఈ నేల ఎవరి వాటాకొచ్చింది?”

“నీళ్లు చల్లారాయంటున్నానా!”

“ఎవరికొచ్చింది?”

“పాత సంగతులు తవ్వకు వదినా.”

“ఇక్కడ ఏం తవ్వినా వేడినీళ్లేలే. చెప్పు మరిదీ.”

“నాకే. దుంపలేస్తే నేల్లోనే ఉడికిపోయాయి. ఊరంతా నవ్వింది. నువ్వూ నవ్వావు.”

“నవ్వాను. ఉప్పు కూడా పట్టుకొచ్చాను. తర్వాత?”

“పెద్దమనుషుల ముందు అన్న చొక్కా పట్టుకున్నా. ఏటి ఒడ్డున చల్లటి నేల నాకియ్యి, ఈ పొయ్యి నువ్వుంచుకో అన్నా. కిక్కురుమనకుండా ఇచ్చాడు, దగాకోరు!”

“ఏదీ ఆ చల్లటి నేల?”

“ఏరు కోసుకుపోయింది. నీకు తెలీదూ?”

“తెలుసు. నీ నోట విందామని. చెయ్యి తుడుచుకుని ఈ కాగితం పట్టుకో. వేళ్లకి తెలుస్తోందా?”

“ఉండు... ఆఁ, తెలుస్తోంది. గరుగ్గా ఉంది. ఏంటిది?”

“చదువు. నిన్ననే రిజిస్టరు చేయించారు.”

“ఊట నేల నలభై మూడు సెంట్లలో సగం... తమ్ముడికి... వదినా!”

“ఏడవకు, తొట్టె నిండుగానే ఉంది.”

“ఎవరు ఏడ్చేది? అంటే మిగతా ఇరవై ఒకటిన్నర సెంట్లూ మింగేసినట్టేగా, దగాకోరు!”