చిన్న సేటు బండికి టర్బో పెట్టినప్పుడు

"తాతా, మేం దోస్తులం కలిసి ఒక పాత బండికి టర్బో పెడదామనుకుంటున్నం. ఇంజన్ల ముందు ఏమేం మార్చాలె?"

ఏందీ? జర గట్టిగ అడుగు బిడ్డా. టర్బోనా? ఏదీ, ఆ డబ్బ ఇటియ్యి. ఎవలు అమ్మిండ్రు నీకిది? కొత్తదే అన్నడా? సీలు నువ్వు తెంపినవా, వాడే తెంపి చూపెట్టిండా? ఆఁ, వాడే తెంపిండు కద. గందుకే అడిగిన. నవ్వకు స్వప్నా, మీ నానమ్మ గూడ గిట్లనే నవ్వుతుండె. మన బొంబాయి చాళిల, గా వరుస గదుల ఇంట్ల, నన్ను షక్కీ నర్సింలు అనేటోళ్లు, అన్నిటి మీద అనుమానపడేటోడని, తెలుసా నీకు? పాలు తెస్తే వేలు ముంచి చూసేటోన్ని, నీళ్లు కలిసినయా అని. కలిసే ఉండేటియి, అది వేరే ముచ్చట.

కూసో. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి చెయ్యి. రేపు తాత గట్ల చెప్పలే అంటవు మల్ల.

గప్పుడు మన గాల, బండ్లు బాగుచేసే షెడ్డు, ఫోరస్ రోడ్డు పక్క సందుల ఉండె. గాల అంటే ఏమంత పెద్దది, ఒక బండి లోపటికొస్తే మనిషి అడ్డం తిరిగి నడవాలె. ఎనభైలల్ల ముచ్చట ఇది, మిల్లులు బందు పడ్డ రోజులు. కటింగ్ చాయ్ అప్పుడు ఎంతుండెనో... చారానా? కాదు, చారానా అంతకుముందు. సరే పోనీ. మా తమ్ముడు మల్లేశ్, నీకు చిన్న తాత, మిల్లు పని పోయి ఖాళీగ తిరుగుతుండె. కొత్తగ లైసెన్సు తీసిండు. అవ్వ, అంటే మా అమ్మ, నేను, మీ నానమ్మ, పిల్లలు, మల్లేశ్, వాని పెండ్లాం, అందరం ఒక్కటే ఖోలిల, ఒక్క అర్రల. కాళ్లు సాపితే ఎవల కాలు ఎవలదో తెల్వదు.

గప్పుడొచ్చిండు చిన్న సేటు. వాళ్ల నాయనకు బట్టల వ్యాపారం. ఆ నాయన కొన్న అమెరికా బండి ఒకటుండె, అబ్బో, పొడుగంటే పొడుగు. మా సందుల మలపాలంటె నలుగురు దిగి దారి చూపియ్యాలె. ఎనిమిది సిలిండర్లు, ఈ వరుసల నాలుగు, ఆ వరుసల నాలుగు. బానెట్టు తెరిస్తే అండ్ల మనిషి పండుకోవచ్చు. పాతదైపోయింది గాని ఆ సప్పుడు మాత్రం, ఏం చెప్పాలె, ఛాతిల తగిలేది.

ఆ చిన్న సేటు గోనె సంచిల ఒక టర్బో పట్టుకొచ్చిండు. తుక్కు సామాను అమ్మేటోడు ఒకడుండె, వాని దగ్గర కొన్నడట. పెద్ద లారీ ఇంజనుదట. "నర్సూ, దివాళీ కే పహ్లే లగా దే" అన్నడు, దివాళీ లోపల బిగియ్యాలెనట. దోస్తుల ముందు ఖండాల ఘాటు, గా కొండ దారి, ఎక్కియ్యాలెనని వాని సోకు. దాని తోటి ఇంకో మాట అన్నడు. బండి మంచిగ ఘాటెక్కితే మల్లేశ్‌ను డ్రైవర్‌గ పెట్టుకుంటడట, వాళ్ల గ్యారేజి మీది ఖోలి గూడ ఉండనీకి ఇస్తడట. గా మాట ఇన్నంక మల్లేశ్ నేల మీద ఉన్నడా? లేడు.

నాకైతే అనుమానం. సేటు మీద అనుమానం, తుక్కోని మీద అనుమానం, ఆ టర్బో మీద అయితే ఇంకా అనుమానం. ఎందుకంటావా? చెప్త. మన నాయన, అంటే నీకు ముత్తాత, పాలమూరు దిక్కు నుంచి ఈడికొచ్చి ఇండ్లు కట్టే పనికి పోయేటోడు. ఒకనాడు పరంజా మీద నుంచి పడ్డడు. తాడు చూసినమన్నరు బిడ్డా. మేస్త్రి చూసిన అన్నడు, తోటోడు చూసిన అన్నడు. ఎవ్వడూ చూడలే. గప్పటి నుంచి ఎవలన్న "నేను చూసిన" అంటే, సరే, నేను గూడ చూస్త అంట. గంతే. దానికి షక్కీ అంటే షక్కీ.

ఆ, ఇంజను. టర్బో అంటే ఏంది? పొగతోటి తిరిగే ఫంకా. బయటికి పోయే పొగ ఇటు ఫంకాను తిప్పితే, అటు ఫంకా గాలిని లోపలికి కుక్కుతది. కడుపు నిండ తిన్నోనికి ఇంక రెండు ముద్దలు కుక్కినట్టు. కడుపు గట్టిగుంటే సరే, లేకపోతే పగులుతది. గందుకే ముందు టర్బో దిక్కు చూడొద్దు, ఇంజను కడుపు చూడాలె.

ఒక్కొక్క ప్లగ్గు తీసి, అండ్ల గేజు పెట్టి, కంప్రెషన్ చూసిన. ఒక సిలిండరు వీక్ వచ్చింది. కాదు కాదు, రెండు. హెడ్డు ఇప్పిన. పగులేమన్న ఉన్నదా అని బ్లాకుకు గాసునూనె రాసి, తుడిచి, పైన సుద్దపొడి సల్లిన. పగులుంటే అండ్ల దాగిన నూనె బయటికొచ్చి తడిగీత కనబడుతది. పగులు లేదు, దేవుని దయ. నువ్వు గూడ గిది చెయ్యాలె. ఫోన్ల చూసి అయింది అనకు.

ఇంగ పిస్టన్లు. ఆ తుక్కోడే పట్టుకొచ్చిండు, నూనె కాయితంల చుట్టి, కొత్తవి అని. నెత్తి గుండ్రంగ పైకి లేసినయి. సేటుకు మస్తు నచ్చినయి, రేసు పిస్టన్లట. నేను వద్దన్న. గా నెత్తి లేసిన పిస్టన్లు మామూలుగనే గాలిని గట్టిగ పిసుకుతయి. దాని మీద టర్బో కుక్కితే పెట్రోలు టైముకు ముందే అంటుకుంటది, టకటక కొట్టుకుంటది, పిస్టను నెత్తికి బొక్క పడుతది. టర్బోకు నెత్తి సదునుగ ఉండాలె, జర గుంటగ ఉన్నా మంచిదే. సేటు మూతి ముడిసిండు. సరే అని తుక్కోడు ఇంకో జత తెచ్చిండు, సదునువి. "ఏక్ హీ సెట్ కా హై", అన్నీ ఒక్క సెట్టువే అని వాని పిల్లల మీద ఒట్టేసిండు. అడగకుంట ఒట్టేసినోన్ని నమ్ముతమా?

అన్నీ కిరాణా దుకాణానికి పట్టుకపోయిన. తక్కెడల ఇటొకటి అటొకటి పెట్టి తూచిన. జర తేడా వస్తే, తేలికున్న దిక్కు బియ్యం గింజలు ఏసుకుంట చూసిన. కిరాణాయన తిట్టుకుంటనే నిలబడ్డడు, కొనవోయినోళ్లందరు గుంపైండ్రు. చెప్తే నమ్మవు, రెండు పిస్టన్లు వేరే సెట్టువి. పిడికెడు గింజలేసినా సరి కాలే. వాపసు ఇచ్చి, వేరే చోట నేనే తిరిగి తెచ్చిన. పిస్టన్లు ఒక్క బరువు లేకపోతే ఇంజను లోపల్నే కొట్టుకొని కొట్టుకొని చస్తది.

ఆయిల్ పంపు కొత్తది. హెడ్డు కింద రాగి గ్యాస్కెట్టు, మన ధారావిల చేపిచ్చిన. రేడియేటరు పెద్దది. ఇంగ బ్రేకులు. బ్రేకులు ఎందుకు అన్నడు సేటు, నేను ఉరకమన్న గాని ఆగమన్నానా అని. నువ్వు ఉరుకు, మా తమ్ముడు ఆగాలె అన్న. గా మాటకు వాడు గూడ నవ్విండు.

ఇవన్నీ అయ్యేసరికి దసరా వచ్చింది. ఆయుధ పూజ. మన గాలల పానాలు, జాకీలు, సుత్తెలు, అన్నీ కడిగి పలక మీద పరిచి, పసుపు కుంకుమ పెడుతం కద. ఆ టర్బో గూడ తుడిచి పలక మీద పెట్టిన. అవ్వ పళ్లెం పట్టుకొని వచ్చింది. ఆమెకు ఒక అలవాటుండె. పనిముట్టు అంటే చాలు, దండం పెట్టాలె. నాయన పోయినంక మరీ ఎక్కువైంది. ఏది ఎవన్ని పొట్టన పెట్టుకుంటదో అని అన్నిటినీ బతిమిలాడుకునేది పాపం. నా పానాలకు చెప్పేది, కొడుకా మా నర్సిగాని చెయ్యి కొయ్యకు అని. ఆనాడు గూడ బండికి, టైర్లకు, టర్బోకు, అన్నిటికీ బొట్లు పెట్టి, అక్షింతలేసి, "మా మల్లేశ్ గాన్ని పైలంగ తీసుకపోయి తీసుకరా" అన్నది. మల్లేశ్‌కు సిగ్గయింది. నేను కొబ్బరికాయ కొట్టిన.

మల్ల అన్ని బిగిచ్చినం. ఘాటెక్కే పొద్దు వచ్చింది. సేటు తయారై వచ్చిండు, నల్ల కండ్లద్దాలు. మల్లేశ్ ఇస్త్రీ అంగీ తొడిగిండు. బానెట్టుకు పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు. సందంత గుంపు. అవ్వ, మీ నానమ్మ, అందరు గాల ముందర నిలబడ్డరు.

స్టార్ట్ చెయ్యబోయిండు మల్లేశ్. ఆగు అన్న.

ఇది మంచిగ ఇను బిడ్డా, దీనికోసమే చెప్తున్న ఇదంత. టర్బో లోపలి ఇరుసు ఆయిల్ మీదనే తిరుగుతది. ఆయిల్ అందకపోతే జరసేపట్లనే మాడిపోతది. అందుకని ఇంజను మండియ్యకుంట, కాయిల్ వైరు పీకి, ఊకె సెల్ఫు తిప్పి చూడాలె. టర్బో పైకెల్లి పోయిన ఆయిలు కింది పైపుల ధారలెక్క రావాలె. కింది పైపు ఇప్పి, అడుగున గిన్నె పెట్టిన. తిప్పు అన్న. తిప్పిండు.

సుక్క. మల్ల సుక్క. గంతే.

ఇంకా తిప్పు అన్న. సుక్కలే. ముందు తుక్కోడే యాదికొచ్చిండు, చెడిపోయిన టర్బో అంటగట్టిండని. మల్ల ఆయిల్ పంపు మీద అనుమానం. మల్ల సేటు మీద, ఎవనితోనన్న లోపట చెయ్యి పెట్టిచ్చిండా అని. సేటు గడియారం చూసుకుంటుండు. "చల్తా హై నర్సూ, గరం హోగా తో ఆ జాయేగా" అన్నడు. వేడైతే వస్తదట. వేరే గ్యారేజికి తీసుకపోత అని గూడ అన్నడు.

మల్లేశ్ బండి దిగిండు. అందరి ముందర అన్నడు, "అన్నా, నాకు పని దొరుకుడు నీకు ఇష్టం లేదా?"

గా మాట... గా మాటకు నా పానం పోయింది బిడ్డా. చిన్నప్పుడు సంకనెత్తుకొని తిప్పిన తమ్ముడు. ఏడుపొచ్చింది. కాని ఏం చెయ్యాలె, నాయన తాడు కండ్ల ముందరుండె. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, నేను చూడకుంట పంపియ్య అన్న. అని పానా అందుకున్న.

పైన ఆయిల్ పోయే పైపు నట్టు ఇప్పిన. ఆడ సన్న బొక్క ఉంటది, అగ్గిపుల్ల గూడ కష్టం మీద దూరేటంత. వంగి చూసిన. ఏదో అడ్డమున్నది. సన్న తీగతోటి మెల్లగ బయటికి తీసిన.

బియ్యం గింజ.

ముందు కిరాణా దుకాణం యాదికొచ్చింది, తక్కెడల ఏసిన గింజ గిట్ల చేతికంటి వచ్చిందా అని. గుడ్డతోటి తుడిచిన. పచ్చగ ఉన్నది. పసుపు.

తలకాయెత్తి చూసిన. అవ్వ ఆడ్నే నిలబడ్డది, రెండు చేతులు జోడిచ్చి, బండికి దండం పెట్టుకుంట. పెదవులు కదులుతున్నయి. నా కొడుకును పైలంగ తీసుకపో అనే అంటుండొచ్చు. ఆమె అక్షింతనే వాన్ని చంపుతుండె అని ఆమెకు ఎట్ల చెప్పాలె? ఘాటు నడుమల టర్బో ఇరిగి, మసిలే ఆయిలు మంటల పడి, బండి అంటుకుంటే? నేను చెప్పలే. గింజ అంగీ జేబుల ఏసుకున్న. ఏంది అన్నడు సేటు. చెత్త అడ్డం పడ్డది, అయిపోయింది అన్న. మల్లేశ్‌కు గూడ అదే చెప్పిన.

పైపు బిగిచ్చి మల్ల తిప్పమన్న. ధార, తేనె కారినట్టు. గిన్నె నిండింది. గప్పుడు మల్లేశ్ నా మొకం చూసిండు, తల దించుకున్నడు. పో అన్న. నెమ్మదిగ పో.

వాళ్లు తిరిగొచ్చేదాంక నేను నీళ్లు గూడ ముట్టలే. పొద్దుగూకే ముందు ఆ సప్పుడు ఇనబడ్డది, సందు మొదట్లనే. ఎక్కిందన్నా అని మల్లేశ్ దిగుడు దిగుడే నన్ను వాటేసుకున్నడు. పని దొరికింది, ఖోలి గూడ దొరికింది. సేటు మాట తప్పలే, వాని మీద నా అనుమానం ఉత్తదే అయింది. తుక్కోని మీద మాత్రం కాదు, ఇప్పటికీ కాదు.

ఇంగ ఉన్నది ఇను. మల్ల ఏడాది దసరా. అవ్వ పళ్లెం పట్టుకొని గాలకొచ్చింది. పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది. అక్షింతలు మాత్రం పిడికిట్ల పట్టుకొని గడప కాడనే నిలబడ్డది. ఏమే అవ్వా, ఎయ్యి అన్న.

"అన్ని బొక్కలు మూసినవా నర్సిగా?" అన్నది.

ఆనాడు నా అంగీ ఉతికింది ఆమెనే కద. జేబుల ఆయిలంటిన పచ్చ గింజ దొరికింది. ఏడాది... ఏడాదంత లోపల్నే పెట్టుకున్నది, ఒక్క మాట అనలే. ఎవల గింజనో, యాడికెల్లి వచ్చిందో, తెల్వకుంట ఉంటదా ఆమెకు? నేను అన్నిట్ల గుడ్డపేలికలు కుక్కి చూపెట్టిన. ఆమె దగ్గరికొచ్చి ఒక్కొక్కటి వేలితోటి నొక్కి చూసింది. నన్ను గూడ నమ్మలే. గప్పుడు ఏసింది. ఏసుకుంట ఏడ్సింది.

ఆ... ఏం చెప్తుంటి? టర్బో. ముందు కంప్రెషన్, పగులు, పిస్టన్లు, ఆయిలు, బ్రేకులు. స్టార్ట్ చేసే ముందు ధార చూడు. నీ దోస్తులు చూసినం అంటే, మంచిదమ్మా అను, అని నువ్వు గూడ చూడు.

లే ఇంగ. దేవుని కాడ పళ్లెంల అక్షింతలున్నయి, ఇటు పట్టుకరా. ఆఁ, ఆగు, ముందు ఆ డబ్బ మూసి లోపలర్రల పెట్టిరా. పెట్టినవా? మంచిగ మూసినవా? సరే, ఇప్పుడు వంగు. సల్లగుండు బిడ్డా, నిండు నూరేండ్లు సల్లగుండు, నువ్వు తోలే బండి నిన్ను ఇంటికి తెచ్చి దించాలె... అయ్యో, జడల ఇరుక్కున్నయి చూడు. దులుపుకో. ఆ పక్క గూడ. ఒక్క గింజ లేకుంట దులుపుకొనే బండి కాడికి పో.