తిమింగలం తేలిన పూట

విహార ఓడలో ఇద్దరు వియ్యపురాళ్ళ గది. సాయంత్రం. ఆఖరి ఒడ్డు చూసి చిన్న పడవలో ఇప్పుడే తిరిగొచ్చారు. పొద్దున్న రేవు చేరితే ప్రయాణం అయిపోయినట్టే.

"జారలేదు. మీరు కొట్టారు."

"అయ్యో వదినగారూ, తిమింగలం అంత దగ్గర తేలితే ఎవరైనా తుళ్ళిపడతారు. నా చెయ్యి వెళ్ళి మీ చేతికి తగిలింది. ఫోను జారింది. అంతే."

"ఏమండీ, తిమింగలం అటు తేలింది. మీ చెయ్యి ఇటు వచ్చింది. పడవలో అందరూ అటు తిరిగి నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, మీరొక్కరే నా ఫోను చూస్తున్నారు."

"భయంలో ఎటు చూస్తామో మనకేం తెలుస్తుంది?"

"మీకు భయమా! మొన్న సీలు జంతువు మీ మీదకి పాక్కుంటూ వస్తుంటే, దీని మీసాలు అచ్చం మా మరిదివే అని నవ్వుతూ నిలబడ్డారు. గైడు వచ్చి రెక్క పట్టుకుని లాగింది."

"మీరు మాత్రం తక్కువ తిన్నారా? ఆ తెల్లపక్షి నా నెత్తిమీద తన్నుతుంటే..."

"దాని గూడు దగ్గరికి వెళ్ళొద్దని గైడు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వెళ్ళారు. తన్నింది."

"తంతుంటే అడ్డం రాకుండా పళ్ళికిలించి ఫొటో తీశారు."

"తీశాను. అదీ నీళ్ళపాలైంది. సంతోషమేగా?"

"కొత్త ఫోను కొనిపెడతాను మహాతల్లీ, ఇక వదిలెయ్యండి."

"ఫోనెవరిక్కావాలి! అందులో మన మనవరాలి ఫొటోలున్నాయి. పుట్టినప్పట్నుంచీ. మొదటి పన్ను వచ్చింది, గోడ పట్టుకుని నిలబడింది, నా కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకుని పేపరు చదివింది..."

"నా దగ్గరా బోలెడున్నాయి, పంపిస్తాను. లేదంటే మళ్ళీ తీసుకోండి. పిల్ల ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోతుందో మీకే తెలియాలి."

"ఏంటా మాట?"

"ఏం లేదు. ముందు ఆ తడి జాకెట్టు నా మంచం మీంచి తియ్యండి."

"మీ మంచం కాదు, కుర్చీ అంచు."

"నీళ్ళు మాత్రం నా దుప్పటిమీద కారుతున్నాయి. భోజనాల హాల్లోంచి బన్నులు సంచీలో కుక్కి తెస్తారు. నడిసముద్రంలో గదికి చీమలు పట్టాయంటే అది మీ చలవే."

"అర్ధరాత్రి ఆకలేస్తే ఆ బన్నే తిన్నారు. నిద్రపోతున్నాననుకున్నారేమో, చూస్తూనే ఉన్నాను."

"ఒక్కటి తిన్నాను."

"తిన్నారు, తిని పొద్దున్నే చీమల గురించి క్లాసు పీకారు. కిటికీ పక్క మంచం మీకే కావాలి. స్నానానికి ముందు మీరే వెళ్ళాలి. ఒడ్డుకెళ్ళే పడవలో ముందు సీటూ మీదే. పిల్లల పెళ్ళయి ఇన్నేళ్ళయినా మగపెళ్ళివారి బెట్టు మాత్రం తగ్గలేదు."

"కుర్చీలు చాల్లేదని పెళ్ళిలో మా వాళ్ళని మెట్లమీద కూర్చోబెట్టింది మీరు."

"ఇంకా మెట్లమీదే ఉన్నారా మీరు! సరే, నేనూ ఒకటడుగుతాను. ఇన్ని రేవులు తిరిగాం కదా, ఒక్కసారైనా నన్ను వదినా అన్నారా? ఏమండీ, ఇదిగో, ఎవరండీ అక్కడ. వడ్డించేవాణ్ణి కూడా నోరారా బాబూ అంటారు."

"నాకు నోరు తిరగదు."

"మనసు తిరగదు. పెంగ్విన్ల దీవిలోనూ ఇదే వరస. వేటకెళ్ళొచ్చిన తల్లి అంత మందలోనూ గొంతుని బట్టి తన పిల్లని ఎలా పోల్చుకుంటుందో ఆ గైడు పాపం చక్కగా చెప్తోంది. మధ్యలో లేచి విసవిసా పడవ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ ఎంత నొచ్చుకుందో."

"కంట్లో ఇసక పడింది."

"అక్కడ ఇసకెక్కడిది? అంతా రాళ్ళే."

"అయితే రాయి పడింది."

"మీతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ."

"అలా లేచి తలుపుకేసి వెళ్ళకండి. మాట తప్పించనివ్వను. ఫోను మోగింది. ఒడ్డు దగ్గర పడింది కదా, సిగ్నల్ వచ్చి మోగింది. తెరమీద మా అబ్బాయి పేరు మీరూ చూశారు, నేనూ చూశాను. నేను ఎత్తేలోగా మీ చెయ్యి పడింది. అవునా, కాదా?"

"తిమింగలం..."

"తిమింగలాన్ని వదిలెయ్యండి పాపం. దానికీ మనకీ ఏ గొడవా లేదు. కొట్టారా, లేదా?"

"కొట్టాను! చాలా? కావాలనే కొట్టాను."

"ఎందుకు?"

"పడవ ఊగుతోంది. మీకు బీపీ. ఆ మాట వినాల్సిన చోటు కాదది. మీరక్కడ కూలబడితే ఎత్తి కూర్చోబెట్టాల్సింది నేనేగా."

"ఏ మాట?"

"మీ అబ్బాయినే అడగండి."

"దేంతో అడగను? ఫోను చేపలకి సమర్పించారుగా."

"నా నోటితో చెప్పించకండి వదినగారూ."

"చెప్పండి."

"వాళ్ళిద్దరూ విడిపోతున్నారు."

"మీకెవరు చెప్పారు?"

"వెనకటి రేవులో మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేవట, మనమెళ్తే మాత్రం నవ్వుతూ నిలబడేవాళ్ళట. పాప దాంతోనే ఉంటుంది. అంటే మా ఇంట్లో. మీ వాడేమో, మా అమ్మకి ఇంకా తెలీదు, ఆఖరి రేవులో నేనే చెప్తాను అన్నాడట. అందుకే ఆ పేరు చూడగానే నా చెయ్యి ఆగలేదు. ఇంకేం, అరవండి. మీ అమ్మాయిది పొగరు అనండి. మీ పెంపకం అలా ఏడిసింది అనండి. ఒంటికాలి మీద లేస్తారుగా, లేవండి."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అదే. ఓడెక్కకముందే తెలుసు. పోయినేడు వాళ్ళ పెళ్ళిరోజున మనిద్దరికీ కొనిచ్చిన టికెట్లు కదా ఇవి. ఇంకెందుకమ్మా, రద్దు చేసేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నాకు తెలుసన్న సంగతి మీ వాళ్ళకి చెప్పొద్దని కూడా అన్నాను."

"తెలిసీ... తెలిసీ ఇన్నాళ్ళూ కిటికీ కోసం, దుప్పటి కోసం నాతో జుట్లు పట్టుకున్నారా? ఎంత గుండెలు తీసిన మనిషండీ మీరు! ఆ రేవునుంచి నాకు ముద్ద దిగలేదు. ఈవిడకి ఎలా చెప్తార్రా దేవుడా అని నేను లోపల్లోపల చస్తుంటే, మీరు నా చీమలు లెక్కపెట్టారా?"

"తెలుసంటే మీరు నా మీద జాలిపడేవారు. నన్ను తిట్టండి, పడతాను. జాలి మాత్రం పడలేను."

"జాలా! మీ మీదా! తోసేద్దామనుంది. మరి ఎందుకొచ్చారు నాతో? నా మొహం చూసి మురిసిపోదామనా?"

"ఒకటి అడుగుదామని వచ్చాను."

"ఇన్నాళ్ళూ ఒకే గదిలో పడున్నాంగా. ఏం రోగం, అడగడానికి?"

"రోజూ పొద్దున్నే అడుగుదామనుకుంటాను. ఈలోగా మీరొకటి అంటారు, నేను రెండంటాను, పొద్దుపోతుంది. పెంగ్విన్ల దగ్గర అడిగేద్దామని నోరు తెరిచాను. ఆ గైడేమో, పిల్ల గొంతు, తల్లి గొంతు అంటూ మొదలెట్టింది. అక్కడ నిలబడలేక వచ్చేశాను. ఇవాళ వాడు ఫోను చేసిందీ అందుకే. అడిగావా అమ్మా, ఆవిడేమంది అని అడగడానికి."

"ఏమడగాలో అది అడిగి తగలడండి. నిలబడి వింటున్నాగా."

"అలా కళ్ళెర్రజేసి చూస్తే ఎలా అడగను?"

"నా కళ్ళంతే. అడగండి."

"రేపు ఓడ దిగితే మీకు నేనేమీ కాను. అవనక్కర్లేదు. పాపని చూడ్డానికి వస్తే మీ గుమ్మంలోకి రానిస్తారా... వదినా?"