మా చెల్లి తల ఏది?

కోకాపేటలో నాలుగో అంతస్తు ఫ్లాటు. అమ్మమ్మ కోసమని మనవరాలు ఒక పాత సినిమా స్పెషల్ ఎడిషన్ డిస్కు కొనుక్కొచ్చి పెట్టింది.

“అదిగో జాతర సీను! గోడెక్కి కూర్చుంది చూడు, అదే మా చెల్లి. ఆపు, ఆపు! దాని తల ఏదే?”

“తెర బయటికి పోయిందమ్మమ్మా.”

“అయితే టీవీ కాస్త కిందికి దించు.”

“దించితే రాదు. పాత బొమ్మ చదరంగా ఉండేది. ఇప్పటి టీవీ నిండాలని పైనా కిందా కోసేశారు.”

“కోసేసి, దానికి స్పెషల్ అని పేరొకటా!”

“బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో చూడు.”

“ఉంది, గోడ మీద సున్నం కూడా కనబడుతోంది. సున్నం నాకెందుకే? పదహారేళ్లకే పోయిన పిల్ల. ఒక్క ఫోటో లేదు. మా ఊళ్లో షూటింగు జరిగిననాడు ఆ గోడెక్కి నవ్వింది, అదొక్కటే మిగిలింది. పోనీ, నా పాత క్యాసెట్టు పెట్టు.”

“అమ్మమ్మా…”

“ఏంటే ఆ నసుగుడు?”

“కొత్తది వచ్చిందిగా అని ఇందాకే పాత సామాన్ల ఆటోలో వేసేశాను.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాడి మైకు ఇంకా పక్క వీధిలోనే అరుస్తోంది. లిఫ్టు నొక్కు, నేనూ వస్తున్నా. క్యాసెట్టు మీద పేరు చెరిగిపోయింది, గుర్తుపట్టేది నేనొక్కదాన్నే.”