జోజమ్మ వేలిముద్ర

తిరువూరు పేట చివరి ఇల్లు. మంచంలో కాలు విరిగిన జోజమ్మ, పక్కన కోడలు మేరమ్మ. కాగితం, ఇంకుబుడ్డి పట్టుకుని గుమ్మంలో జోజమ్మ మరిది శాంతయ్య.

"రేషన్ కార్డు నీ పేరు మీద ఉంది కాబట్టి అడుగుతున్నా అత్తా. లేకపోతే అడుగుతానా?"

"అదే నేనూ అంటున్నా. ఉంది కాబట్టే అడుగుతున్నావు."

"వేలు ఇటు పెట్టు. చిన్నమావ ఎంతసేపని నిలబడతాడు?"

"నిలబడనీ. ఆయనకి కాళ్ళున్నాయి."

"వదినా, పొద్దు వాలుతోంది. నెలాఖరు. షాపు మూస్తే ఈ నెల బియ్యం పోయినట్టే. కార్డు మనిషన్నా రావాలి, వేలిముద్ర కాగితమన్నా రావాలి అంటున్నాడు డీలరు."

"కాగితంలో ఏం రాశావు?"

"నా కాలు విరిగినందున, నా బదులు నా కోడలు మేరమ్మ సరుకులు తెచ్చుకొనుటకు ఒప్పుకొంటిని. అంతే."

"ఎన్నాళ్ళని?"

"నువ్వు లేచేదాకా."

"నేను లేవనని ఆస్పత్రిలో చెప్పారుగా. పోయిన నెల షాపుకి మంచంతో మోసుకెళ్ళారు. ఇప్పుడూ మొయ్యండి."

"ఎవరు మోస్తారత్తా? మగాళ్ళంతా మిరప కోతలకి వినగడప ఊరు పోయారు. పిల్లలు నిన్నటి నుంచి..."

"నాకు తెలీదా? నేనూ ఆ గంజే తాగా."

"నువ్వు తాగావు. వాళ్ళు తాగలేదు."

"మరి నాకెందుకు పోశావు? కార్డు నా దిండు కింద ఉందనేగా?"

"ఆ మాట అనకు అత్తా. అనకు."

"వదినా, మేరమ్మ నీకెప్పుడన్నా తక్కువ చేసిందా?"

"లేదు."

"నీ కొడుకు పోయాక పుట్టింటికి పోయిందా?"

"లేదు."

"మరింకేంటి నీ భయం?"

"శాంతయ్యా, ఆ కాగితం, ఇంకుబుడ్డి ఇక్కడ పెట్టి కాస్త బయటికి పో."

"పోయాడు. చెప్పు."

"వెనకటి కరువులోనూ కార్డులున్నాయి. మా కార్డు మా అత్త పేరు మీద. ఆమె మంచాన పడితే నేనే కలిపి నోట్లో పెట్టేదాన్ని. వేలిముద్ర వేయించుకున్నాక ఒక పూట మానాను. పిల్లలకి చాల్లేదు మరి. తర్వాత ఇంకో పూట. ఆమె అడిగేది కాదు. అడిగితే పెట్టేదాన్నే. పదకొండు రోజులు బతికింది. నేనేం చెడ్డదాన్ని కాదే. నీలాంటిదాన్నే."

"అడిగిందత్తా."

"ఏంటీ?"

"గంజి కావాలని అడిగింది. నువ్వు వినపడనట్టు బయటికెళ్ళావు. మా ఆయనకప్పుడు ఎనిమిదేళ్ళు. తలుపు చాటున ఉన్నాడు."

"నా ప్రభుదాసు చూశాడా?"

"చూశాడు."

"అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడే ఇన్నేళ్ళూ!"

"పిలిచాడు."

"ఇది నీకు తెలిసే, నిన్న ఉన్న గంజి నాకు పోశావా?"

"పోశాను."

"పిల్లల్ని పస్తుంచి?"

"అత్తా, పొద్దు పోతోంది."

"ఆ ఇంకు ఇటు తే. ఎక్కడ నొక్కాలి?"

"ఇక్కడ. గట్టిగా. ఆ, చాలు. కార్డు?"

"దిండు కింద. తీసుకో."

"తీసుకున్నా. వెళ్ళొస్తా."

"మేరీ, ఒక్కమాట. వాడు పోయేముందు జ్వరంలో నీ చేత ఒట్టు వేయించుకున్నాడుగా. అప్పుడు నన్ను బయటికి పంపారు. నాకు తిండి పెట్టమనేగా?"

"కాదత్తా. నీ చేత ఎన్నటికీ వేలిముద్ర వేయించుకోవద్దని."