నేలమాళిగలో సున్నా క్రిములు

మ్యూజియం గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద మధ్యలో కూర్చునే హక్కు గ్యాలరీ సూపర్‌వైజరుది. ఆ హక్కు ఆయనకి ఎవరూ రాసివ్వలేదు. మాట్లాడేటప్పుడు రెండు చేతులూ బారచాపుతాడు కాబట్టి పక్కవాళ్ళే జరిగి చోటిచ్చారు. ఆ సాయంత్రం ఒక పక్క తాళాలు బాగుచేసే ఆయన, రెండో పక్క సూపర్‌వైజరు మరదలు కూర్చున్నారు. ఆమె అదే మ్యూజియం నేలమాళిగలో పాతకాలం బట్టల్ని బాగుచేస్తుంది. వానలు మొదలైనప్పటి నుంచీ దగ్గు. బట్టల గదిని పై అంతస్తుకి మార్చమని ఆమె అడిగితే, క్యూరేటరు ఆ పొద్దున్నే కుదరదన్నాడు. గాలి పరీక్ష చేయిస్తే ఆ గదిలో ఒక్క క్రిమి కూడా దొరకలేదట. దగ్గుకి కారణం ఇంట్లో వెతుక్కోమన్నాడు.

"వేణ్ణీళ్ళు తాగవే, తగ్గిపోతుంది," అని మరదలికి చెప్పి సూపర్‌వైజరు అందరి వైపూ తిరిగాడు. "అసలు ఆ గాలిని అంత శుభ్రం చేసిందెవరనుకున్నారు?"

"మీరేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు కదా. మొదట చిన్న విషయమే. రాణీగారి పటం వెనక అరచేతంత మేర ఆకుపచ్చగా బూజు కనబడింది. పొడిగుడ్డతో తుడిచాను. అంతే. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది పోలేదు, ముందుకొచ్చింది! తెల్లారి చూస్తే రాణీగారి పై పెదవి మీద నూనూగు మీసం. మర్నాటికి దువ్వుకునేంత అయింది. ఇంకొన్నాళ్ళు పోయేసరికి మెలితిరిగి చెంపల దాకా పాకింది. పరిగెత్తుకుంటూ ఆఫీసులో చెప్పాను. వాళ్ళేం చేశారు? మీటింగు పెట్టారు. పెట్టి, పటం కింద 'రాణీగారు' అన్న పలక ఊడబెరికి, 'రాజుగారు' అని కొత్త పలక కొట్టించారు. బూజు దులిపే కంటే అదే సులువట!"

"మరి అసలు రాజుగారి పటమో?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆయనకి అప్పటికే గడ్డం పటం దాటి నేల మీద పడుతోంది. తీసుకెళ్ళి సన్యాసుల వరసలో పెట్టారు."

తాళాలాయన టీ ఊదుకుంటూ తలాడించాడు. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు.

"ఇక తేమ సంగతి చెప్పనా? గాలిలో ఎంత తేమంటే, అద్దాల బీరువాలో పొట్టలో ఊక కూరిన బాతు లేదూ, అది ఈదటం మొదలెట్టింది. నా కళ్ళతో చూశాను! కత్తుల గదిలో గొడుగేసుకుని డ్యూటీ చేశాం. రాతి సింహం జలుబు పట్టి ఒక్క తుమ్ము తుమ్మితే, ఎదురుగా ఉన్న విగ్రహం ముక్కు ఊడి నా జేబులో పడింది."

"దాని ముక్కు మా తాత చిన్నప్పుడే లేదుగా?" అన్నాడు తాళాలాయన.

"అది పాత ముక్కు. ఇది మళ్ళీ అతికించింది. మధ్యలో అడ్డురాకు. ఇక లాభం లేదనుకుని నేలమాళిగలోకి దిగాను. క్రిములన్నిటి మకాం అక్కడే. చొక్కా చేతులు మడిచి, గొంతు సవరించుకుని, 'టైమైంది, అందరూ బయటికి నడవండి' అన్నాను. రోజూ సందర్శకుల్ని పంపించే గొంతే. అంతే! లేచాయి. మూటలు కట్టుకున్నాయి. పిల్లాపాపల్ని చంకనేసుకుని వరసగా మెట్లెక్కాయి. అన్నిటికంటే పెద్దది, తల నెరిసిన బూజు ఒకటి, నా కాళ్ళు పట్టుకుంది. 'అయ్యా, ఈ గోడ లేచిన నాటి నుంచీ ఇక్కడే పడున్నాం. వారసత్వ సంపద అంటారు, మేం మాత్రం కాదా?' అంది. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ రూలు రూలే. గేటు దాకా సాగనంపి వచ్చాను."

మరదలికి దగ్గు తెర వచ్చింది. గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెరిపి కోసం చూసింది. టీ కొట్టాయన అడక్కుండానే ఇంకాసిని వేణ్ణీళ్ళు పోశాడు.

"ఒకటి వెనకబడిపోయినట్టుంది బావా, నా గొంతులో," అంది.

"అదంతా నీ అనుమానం. రిపోర్టుంది! ఇప్పుడక్కడ గాలి ఎలాంటిదనుకున్నావ్? జలుబు చేసినవాడు లోపలికొస్తుంటే, జలుబు గేటు దగ్గరే ఆగిపోయి, వాడు తిరిగొచ్చే దాకా కాపలావాడితో కబుర్లాడుతోంది. మొన్నొక ముసలాయన కర్ర పొడుచుకుంటూ దిగాడు. వచ్చేటప్పుడు కర్ర నా చేతిలో పెట్టి రెండేసి మెట్లు ఎక్కేశాడు. ఊళ్ళో డాక్టర్లు చీటీల మీద మందులు మానేసి, 'మ్యూజియం, పూటకోసారి' అని రాస్తున్నారు."

"మరి మీ మరదలికి రాయలేదేం?" అన్నాడు తాళాలాయన.

"తను రోజంతా అక్కడే కూర్చుంటుంది కదయ్యా. మోతాదు ఎక్కువైంది!"

బెంచీ అంతా నవ్వింది. మరదలు కూడా నవ్వబోయి దగ్గింది.

ఆ నవ్వుతో సూపర్‌వైజరుకి ఇంకా ఊపొచ్చింది. "నమ్మకపోతే ల్యాబువాళ్ళనే అడగండి. వాళ్ళు వచ్చిన రోజు దగ్గరుండి చూసుకుంది నేను కదా. అడుగున జావలాంటిది గడ్డకట్టిన గాజు పళ్ళేలు తెచ్చారు. బల్ల మీద పరిచి, మూతలు తీసి పక్కన పెట్టి, మేం వచ్చే దాకా ఎవర్నీ రానీయొద్దని చెప్పి టీకి పోయారు. చదువుకున్నవాళ్ళ నిర్వాకం చూడండి! పైకప్పు నుంచి సున్నం రాలే గదిలో, మూతల్లేకుండా!"

మరదలు తలెత్తింది. "నువ్వేం చేశావు బావా?"

"ఏం చేస్తాను, గబగబా మూతలు పెట్టేశాను. మా ఇంట్లో మూతలేని గిన్నె ఉంటుందేమో మీ అక్కనడుగు. మళ్ళీ వాళ్ళ అడుగుల చప్పుడు వినబడగానే తీసేసి, ఎక్కడివక్కడ సర్దేశాను. వాళ్ళ పనిలో వేలు పెట్టానని అనుకోకూడదు కదా. ఆ గుట్టు ఇప్పటికీ వాళ్ళకి తెలీదు! పట్టుకెళ్ళి పరీక్ష చేశారు. ఏమొచ్చింది? సున్నా! భూప్రపంచంలో ఏ మ్యూజియానికైనా వచ్చిందా సున్నా?"

చేతులు రెండూ చాపి మెచ్చుకోలు కోసం చూశాడు. మరదలు ఆయన వైపు తిరిగింది. మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"బావా, ఆ పళ్ళేలు పెట్టిందే గాల్లో క్రిములు వచ్చి పడటానికి. పడ్డవి ఆ జావ తిని చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఆ చుక్కల్ని లెక్కపెడతారు. నువ్వు మూత పెడితే అందులో ఏం పడుతుంది?"

"ఓహో," అన్నాడు తాళాలాయన. "వల ఒడ్డున ఆరేసి, చెరువులో చేపల్లేవన్నారన్నమాట."

సూపర్‌వైజరు చేతులు కొంచెం కిందికి దిగాయి. అయినా పట్టు వదల్లేదు. "అంటే... అన్ని కోట్ల క్రిముల్నీ నేనొక్కణ్ణే అడ్డుకున్నానన్నమాట!"

"అడ్డుకున్నావు. పళ్ళెంలో పడాల్సినవాటిని నా ఊపిరితిత్తులకి వదిలేశావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీ కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు.

ఆమె లేచి నిలబడింది. "క్యూరేటరుగారు ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. పద. మూతల ముక్క ఒక్కటి చెప్పు చాలు. మళ్ళీ పరీక్ష పెట్టిస్తారు."

"ఇప్పుడా? నన్ను ఏమంటారో!"

"ఏమన్నా పడు. నేను ఈ దగ్గు పడటం లేదూ?"

సూపర్‌వైజరు చొక్కా సర్దుకుని లేచాడు. రోడ్డు దాటుతూ సగంలో ఆగాడు.

"ఏమీ కలపకుండానా?"

"ఏమీ కలపకుండా."

"అలా చెప్తే నమ్మరేమోనే!"

"నమ్ముతారు. ఒకసారి చెప్పి చూడు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'అయ్యా, ఆ రోజు పళ్ళేల మీద మూతలు పెట్టింది నేనే.'" బాగానే వచ్చింది. ఆ ధైర్యంతో ఇంకో మాట జారింది. "'ఏం మూతలనుకున్నారు? ఒక్కోటీ ఇద్దరు మోసేంత బరువు...'"

"బావా!"

"చిన్న గాజు మూతలే," అని గేటు తోశాడు.